లేవదీసుకుపోయిన మేనత్త

లేచిపోవాలన్న ఆలోచన పిల్లకీ రాలేదు, పిల్లవాడికీ రాలేదు. వచ్చింది పిల్ల మేనత్త శౌరమ్మకి.

కంకిపాడు దాటి కొంచెం లోపలికి పోతే కాలవ మీద లాకులుండేవి. కాలవకి ఇవతల గట్టున ఒక క్వార్టరు, అవతల గట్టున ఒక క్వార్టరు. ఇవతల అంతోని, అవతల లాజరు. ఇద్దరూ ఇరిగేషన్‌లో లస్కర్లు. గడ్డి పడవలూ ఇసుక పడవలూ వచ్చినప్పుడు లాకు తలుపులు తెరవడం, మూయడం వాళ్ళ ఉద్యోగం. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. ఒకరింట్లో చేపల పులుసు పెడితే రెండో ఇంటికి గిన్నె నడిచేది. ఒకరు చుట్ట వెలిగిస్తే రెండోవారు అందులోంచే అంటించుకునేవారు. చుట్టరికం ఏమీ లేకపోయినా “బావా” అంటే “బావా” అనుకునేవారు.

అందుకని అంతోని కూతురు సంపూర్ణ, లాజరు కొడుకు కృపానందం ఒకరినొకరు ఇష్టపడ్డారని తెలిసినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. తండ్రులిద్దరూ లాకు వంతెన మీద కావలించుకున్నారు. బ్యాండు మేళం ఎవరిదో, పలావు ఎవరు వండాలో, పెళ్ళికూతురికి ఏ రంగు చీరో అన్నీ ఆ పూటే కుదిరిపోయాయి. ఒక్కటే మిగిలిపోయింది. పెళ్ళి ఏ గుళ్ళో?

అంతోని ఆర్.సి.ఎం., అంటే కేథలిక్కు. లాజరు సి.ఎస్.ఐ., ప్రొటెస్టంటు. మరియమ్మ తల్లి ఎదురుగా కాకుండా నా బిడ్డ పెళ్ళి ఎట్టా అవుద్దని అంతోని. విగ్రహాల ముందు నా కొడుకుని నిలబెట్టనని లాజరు. పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ చేద్దామని పెద్దమనిషొకాయన మధ్యవర్తిత్వం చేస్తే, పొద్దున ఎవరిది, సాయంత్రం ఎవరిది అని మళ్ళీ మొదలు. అట్లా మూడేళ్ళు గడిచాయి. పెళ్ళి వద్దని ఇద్దరిలో ఏ ఒక్కరూ అనలేదు. అదే పెద్ద చిక్కు. వద్దంటే ఎదిరించవచ్చు, ఏడవవచ్చు. ఔననేవాళ్ళని ఏం చేస్తాం? పంతం బాగా ముదిరిన రోజుల్లో తండ్రులిద్దరూ “బావా” మానేసి “అంతోని గారూ”, “లాజరు గారూ” అని పిలుచుకునేవారు. కాలవకి అటు నుంచి ఇటు వినపడే ఆ “గారు” చెవిన పడ్డప్పుడల్లా శౌరమ్మకి ఒళ్ళు మండేది.

శౌరమ్మ అంతోనికి చెల్లెలు. పద్నాలుగో ఏట పెళ్ళయింది. ఆ పెళ్ళిలో ఆమెకి గుర్తున్నది కొత్త చీర గరుకుదనం, ఆపుకోలేని నిద్ర, అంతే. మొగుడు తొందరగానే పోయాడు. ఆ తర్వాత వదిన కూడా పోతే, నాలుగేళ్ళ సంపూర్ణని చూసుకోవడానికి అన్న ఇంటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. కంకిపాడులో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. కత్తెర పట్టిందంటే గుడ్డ మీద గీత గీసుకోకుండా కత్తిరించే మనిషి. మాట కూడా అంతే.

ఒకరోజు బడినుంచి వచ్చిన సంపూర్ణ అద్దం ముందు నిలబడి తలలో ఒక తెల్ల వెంట్రుక ఏరి, “చూడత్తా, పెళ్ళికొడుక్కంటే ముందు ఇదొచ్చింది” అని నవ్వింది. సంపూర్ణ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, నెమ్మదస్తురాలు. దేనికైనా నవ్వేసి ఊరుకునే రకం. శౌరమ్మ మాత్రం నవ్వలేకపోయింది. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చి అడిగింది.

“ఏమే, లేచిపోరాదూ?”

“ఎవరితో అత్తా?”

“లాజరన్న కొడుకుతోనే. ఇంకెవరన్నా ఉన్నారా ఏంటి?”

సంపూర్ణ గ్లాసు కింద పెట్టేసింది. “నాకు భయం.”

“నీకెందుకు భయం? నేనొస్తాగా.”

కృపానందాన్ని ఒప్పించడం ఇంకా కష్టమయింది. అతను ఇబ్రహీంపట్నంలో కడుతున్న థర్మల్ స్టేషను దగ్గర ఫిట్టరు. అక్కడికి దగ్గరని కొండపల్లిలో గది తీసుకున్నాడు. ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. చెయ్యి ఇనుములాంటిది, మనసు వెన్న. అబద్ధం ఆడమంటే చెమటలు పోసేవి. శౌరమ్మ గట్టు మీద కూర్చోబెట్టి సంగతంతా చెబితే కాలవలోకి చూస్తూ అడిగాడు.

“మా నాన్నతో ఓ మాట చెప్పి లేచిపోవచ్చాండీ?”

“చెప్పి పోతే దాన్ని లేచిపోవడం అనరు బాబూ, ఊరికి పోవడం అంటారు.”

అయినా ఆ పిల్లవాడే ఆమెకి దారి చూపించాడు. కొండపల్లిలో దైవసహాయం గారని ఒక పాస్టరున్నాడట. ఏ పెద్ద మిషనుకీ చెందడు. కొండ కింద చిన్న ప్రార్థన మందిరం పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళు చెయ్యడానికి సర్కారు లైసెన్సు ఉంది. ఇంకొక సంగతి కూడా కృపానందం సిగ్గుపడుతూ చెప్పాడు. తను ఒకసారి కొండ మీది కోటకి ఎక్కి, అక్కడి గాలి గురించి, పైనుంచి కనపడే కృష్ణ గురించి సంపూర్ణకి చెప్పాడట. “పెళ్ళంటూ అయితే అక్కడే అవ్వాలి” అందట ఆ పిల్ల.

“అదందా?” అని శౌరమ్మ నమ్మలేకపోయింది. పాతికేళ్ళు దగ్గరపడుతున్నా పెరట్లో జామచెట్టు ఎక్కని పిల్ల. ఆ మాటతో శౌరమ్మకి ఎక్కడలేని హుషారు వచ్చింది.

మరుసటి వారం, దారాలు కొనుక్కురావాలని అన్నతో చెప్పి, బెజవాడ బస్సెక్కి అక్కడినుంచి కొండపల్లి వెళ్ళింది. చుట్టూ కొండలు, మధ్యలో ఒద్దికగా ఊరు. ప్రతి అరుగు మీదా సగం చెక్కిన బొమ్మలు, రంగు డబ్బాలు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి బల్లపరుపు నేల, గట్లు, వరిచేలే చూసిన మనిషి. ఏటా తిరునాళ్ళలో ఎక్కే గుణదల మెట్లు తప్ప ఎత్తంటే ఆమెకి లాకు వంతెనే. మెడ వెనక్కి వాల్చి కోటని చూస్తూ నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

కృపానందం అద్దెకున్న ఇల్లు కుల్సుం బీబీది. ఆమె బొమ్మలకి రంగులు వేస్తుంది. శౌరమ్మ ఈడుదే. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎర్ర రంగు. సంగతి విని కుంచె పక్కన పెట్టి, కొంగు దోపుకుని, “పదండి, దారి చూపిస్తా” అంది. ఇద్దరూ కొండెక్కారు. మొదటి గుమ్మం, రెండో గుమ్మం, పక్కన దర్గా, ఆపైన కూలిన మహలు. ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ నీళ్ళ కుండ పెట్టించాలో కుల్సుం చెప్పింది.

“మీవాళ్ళు తరుముకొస్తే ఇటు దిగాలమ్మా,” అని వెనకవైపు అడవిలోకి పోయే సన్నటి బాట కూడా చూపించింది. “నేను మాత్రం గురువారం గురువారం దర్గాకి ఎక్కుతూనే ఉంటా. సాక్షి సంతకం కావాలంటే నేను పెడతా. పెళ్ళంటే సరదాయే కదా, ఎవరి పద్ధతైతే ఏం.”

దైవసహాయం గారు డెబ్బై దాటిన మనిషి, ఎండిన కట్టెలా ఉన్నాడు. “ఇద్దరికీ వయసొచ్చింది. ఇద్దరూ ప్రభువుని నమ్మినవాళ్ళు. నాకేం అడ్డం లేదమ్మా. నోటీసు ఇవ్వండి, మందిరం గోడకి అంటిస్తా” అన్నాడు. “చట్టం ప్రకారం పొద్దుండగా జరగాలి. పెళ్ళికి ముందు, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని నేను అడిగితీరాలి.”

“ఎవరికన్నా ఉంటే?”

“కొండెక్కొచ్చి చెప్పాలి మరి” అన్నాడాయన.

తిరుగు బస్సులో శౌరమ్మ తనలో తను నవ్వుకుంటుంటే పక్కసీటు ఆవిడ జరిగి కూర్చుంది.

డెబ్బై ఆరు ఫిబ్రవరి, గుణదల తిరునాళ్ళ ఆఖరు రోజు ముహూర్తం. ఆ రోజు కంకిపాడు చుట్టుపక్కల కేథలిక్కులంతా గుణదలలోనే ఉంటారు. జనంలో మనిషి తప్పిపోవడం తిరునాళ్ళకి అలవాటే. ఏటా అంతోని చెల్లెల్నీ కూతుర్నీ కొండ మెట్ల దగ్గర వదిలేసి స్నేహితులతో సోడా కొట్టు దగ్గర చేరతాడు. ఈసారీ చేరగానే వీళ్ళు రిక్షా ఎక్కాలి. అదీ ఏర్పాటు.

తిరునాళ్ళకి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ శౌరమ్మ పాతికేళ్ళ పిల్లలా తిరిగింది. పెళ్ళి జాకెట్టు కుట్టు క్లాసులోనే కుట్టింది. ఎవరిదని పిల్లలడిగితే బెజవాడలో ఒక ప్లీడరు గారి అమ్మాయిదని చెప్పింది. ఆ అమ్మాయి పేరేంటి, పెళ్ళికొడుకు ఏం చేస్తాడు, ఎట్టా ఉంటాడు అని రోజూ ప్రశ్నలు. శౌరమ్మ రోజుకొక కొత్త సంగతి చెప్పేది. ఆఖరికి ఆ లేని ప్లీడరు గారి కూతురి మీద క్లాసంతటికీ ప్రేమ పుట్టి, ఆ పిల్ల సుఖపడాలని శుక్రవారం పూట జపమాల చెప్పారు. శౌరమ్మ కూడా గొంతు కలిపింది. ఎవరి పేరున చెప్పినా చేరాల్సిన చోటికి చేరుతుందని ఆమె ధైర్యం.

తిరునాళ్ళ రోజు వచ్చింది. అంతా అనుకున్నట్టే జరిగింది, అంతోని తప్ప. ఆయన ఆ ఏడు సోడా కొట్టు వైపు చూడనన్నా చూడలేదు. మెట్లెక్కితే వెంట ఎక్కాడు, దిగితే వెంట దిగాడు. కొవ్వొత్తులు తనే కొన్నాడు. శౌరమ్మ చేతి సంచి లాక్కుని తనే మోశాడు.

“ఏంటే ఇంత బరువుంది?”

“మొక్కుబడి బియ్యం.”

“కూతురు రేపో మాపో వెళ్ళిపోయేదేగా. ఈ ఒక్క ఏడన్నా దాంతో తిరుగుతా” అన్నాడు అంతోని. సంపూర్ణ కళ్ళు తిప్పుకుంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఇంకాసేపుంటే పిల్ల కరిగిపోయి తండ్రికి అంతా చెప్పేసేటట్టుంది. శౌరమ్మ చుట్టూ చూసింది. ఎదురుగా పందిరి కింద మంగళ్ళు వరసగా కూర్చుని తలనీలాలు తీస్తున్నారు.

అంతోనికి యాభై దాటినా జుట్టు ఒత్తుగా ఉండేది. పొద్దునా సాయంత్రం కొబ్బరినూనె రాసి పాపిడి తీసేవాడు. లాకుల మీద ఆ జుట్టుకి పేరుంది.

“అన్నా, ఒక సంగతి చెప్పడం మర్చిపోయా. నిరుడు నీకు జొరమొచ్చినప్పుడు తల్లికి మొక్కుకున్నా, నీ తలనీలాలు ఇప్పిస్తానని.”

అంతోని చెయ్యి తలమీదికి పోయింది. “నా జుట్టా? నీ మొక్కుకి నా జుట్టేంటే?”

“జొరం నీకేగా వచ్చింది.”

ఆయన కొండ మీది మరియమ్మ వైపు చూశాడు, మంగలి వైపు చూశాడు. “ముందే చెప్పొద్దా, మనిషి మనసు కుదుటపరుచుకోవాలిగదా” అని గొణిగి, సంచి చెల్లెలి చేతికిచ్చి పీట మీద కూర్చున్నాడు. కత్తి నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక బాట వేసింది. అంతే, శౌరమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుని జనంలో పడింది. సగం గుండుతో ఏ మగాడూ లేచి పరిగెత్తడు.

మొక్కు అబద్ధం. అది తల్లి ఎదురుగానే ఆడింది. ఆ సంగతి గుచ్చుకుని, నడుస్తూనే లోపల్లోపల చెప్పుకుంది. తల్లీ, నువ్వూ పసిబిడ్డతో గాడిదెక్కి రాత్రికి రాత్రి ఊరు దాటినదానివే. నీకు నేను చెప్పేదేముంది. వచ్చే ఏడు నా జుట్టు ఇచ్చుకుంటా.

రిక్షా జనాన్ని తోసుకుంటూ రోడ్డెక్కేసరికి వెనక మైకు మొదలైంది. “కంకిపాడు నుంచి వచ్చిన శౌరమ్మ గారు, సంపూర్ణ గారు, మీరెక్కడున్నా మైకు పందిరి దగ్గరికి రావాలి. అంతోని గారు గుండుతో మీకోసం ఎదురుచూస్తున్నారు.” రెండోసారి కూడా అదే చెప్పారు. సంపూర్ణ ముఖం మీద కొంగు కప్పుకుంది. ఏడుస్తుందేమోనని శౌరమ్మ కొంగు తప్పించి చూస్తే, ఊపిరాడకుండా నవ్వుతోంది.

రిక్షా దిగి బస్సు పట్టుకుని చేరేసరికి, కొండపల్లిలో కృపానందం తెల్ల చొక్కా వేసుకుని అప్పటికే చెమటలో తడిసిపోయి ఉన్నాడు. కుల్సుం అన్నం కేరేజీలు కట్టింది. దైవసహాయం గారు బైబిలు చంకన పెట్టుకుని, చేతికర్రతో ముందు నడిచాడు. కొండెక్కడం మొదలుపెట్టాక ఒక వింత జరిగింది. జామచెట్టు ఎక్కని పిల్ల, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లేడిపిల్లలా మెట్లు దాటుకుంటూ పోయింది. ఇనుము మోసే కృపానందం మొదటి గుమ్మానికే నడుం పట్టుకుని నిలబడ్డాడు.

“రా కృపా, ఇంకా ఎంతో లేదు” అని పైనుంచి సంపూర్ణ పిలిచింది. ఆ పిల్ల అతన్ని పేరు పెట్టి పిలవగా శౌరమ్మ వినడం అదే మొదలు.

దర్గా దాటాక కోతులు తగులుకున్నాయి. ఒక ముసలి కోతి పూలదండల పొట్లం లాక్కుని గోడెక్కి, చామంతులు ఒక్కొక్కటే తుంచి తినడం మొదలుపెట్టింది. కుల్సుం కర్ర విసిరితే కర్ర పోయింది గాని దండ రాలేదు. దండలు లేకపోతే ఎట్టాగని శౌరమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రెండు నెలలుగా గుండీ దగ్గరనుంచి అన్నీ ఆలోచించింది, కోతిని ఆలోచించలేదు. సంపూర్ణ వెనకవైపు వాలులోకి దిగి, పూసి మంటలా ఉన్న మోదుగ కొమ్మలు రెండు విరుచుకొచ్చింది. శౌరమ్మ సంచిలోంచి సూదీ దారం తీసి, కూలిన మహలు గోడ మీద కూర్చుని గుచ్చింది. అంత మంచి దండలు చామంతులతో అయ్యేవి కావు.

దండ ముడి వేస్తూ కిందికి చూసింది. మెట్ల మీద ఇద్దరు మగాళ్ళు ఎక్కి వస్తున్నారు. అందులో ఒకడి తల ఎండకి ఇత్తడి చెంబులా మెరుస్తోంది.

“మా అన్న” అంది శౌరమ్మ.

“పక్కన మా నాన్న” అన్నాడు కృపానందం. వెంటనే తలొంచుకున్నాడు. “నిన్న ఇంటికెళ్ళి చెప్పేశానండీ. ఆపుకోలేకపోయాను.”

లాజరు ఏం చేశాడో తర్వాత తెలిసింది. రాత్రంతా ఆలోచించి, పుట్టి ఎన్నడూ అడుగుపెట్టని గుణదల తిరునాళ్ళకి పొద్దున్నే బయల్దేరాడు. మైకులో పేరు విని పందిరి దగ్గర గుండుతో కూర్చున్న స్నేహితుణ్ణి పట్టుకున్నాడు. “నీ పిల్లని మావాడు ఎత్తుకుపోయాడని రేపు నువ్వు నా ముఖం మీద అంటావు. నువ్వే వచ్చి ఆపుకో” అన్నాడట. థర్మల్ స్టేషనుకి సిమెంటు తీసుకుపోయే లారీ పట్టుకుని ఇద్దరూ వచ్చారు. దారి పొడుగునా పోట్లాడుకుంటూనే వచ్చారు. డ్రైవరు వాళ్ళని కొండపల్లిలో దింపి దణ్ణం పెట్టాడట.

“అడవి బాట ఇటు,” అని కుల్సుం సంపూర్ణ భుజం పట్టుకుంది. “దిగండి, మళ్ళీ కింద చూసుకుందాం.”

“తొందరగా కానివ్వండి పాస్టరు గారూ” అని శౌరమ్మ బతిమాలింది.

“పెళ్ళమ్మా ఇది, బస్సు కాదు” అన్నాడాయన.

అప్పుడు సంపూర్ణ మాట్లాడింది. నెమ్మదిగానే అంది గాని కదిలేటట్టు లేదు. “ఎక్కడికీ పోవద్దత్తా. నాన్నని రానీ. ఆయన చూడకుండా నాకు పెళ్ళేంటి. కాదంటే కాదన్నాక చూద్దాం.” కృపానందం వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. శౌరమ్మ ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పిరికిపిల్ల అనుకుంటూ వచ్చిన మనిషి ఈ పిల్లేనా అనిపించింది.

కాచుకున్నారు. తండ్రులిద్దరూ రెండో గుమ్మం దగ్గర ఆగి కాసేపు పోట్లాడుకున్నారు. మాటలు పైకి వినపడలేదు, చేతులు కనపడ్డాయి. మళ్ళీ ఎక్కారు. మెట్లు పెరిగేకొద్దీ చేతులు కూడా ఆగిపోయాయి. ఆఖరి వరసలో లాజరు మోకాళ్ళు పట్టుకుంటే అంతోని ఆయన జబ్బ పట్టుకుని లాగాడు. మహలు ముంగిట్లోకి వచ్చి ఇద్దరూ చతికిలబడ్డారు. నోళ్ళు తెరిచి, గుండెలు ఎగరేస్తూ, ఒక్క ముక్క పలకలేక అందరి ముఖాలూ చూస్తున్నారు.

దైవసహాయం గారు గొంతు సవరించుకుని బైబిలు తెరిచాడు. ప్రార్థన చేశాడు. ఒక కీర్తన చదివాడు. తర్వాత తలెత్తి, “ఈ ఇద్దరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడు చెప్పవలెను” అన్నాడు.

గాలి, ఎక్కడో కోతుల అరుపు, ఇద్దరు పెద్దమనుషుల ఆయాసం. పాస్టరు గారు ఆగవలసినదానికంటే ఎక్కువే ఆగాడు. అంతోని చెయ్యెత్తాడు. శౌరమ్మ కళ్ళు మూసుకుంది.

తెరిచి చూస్తే ఆ చెయ్యి నీళ్ళ కుండ వైపు చూపిస్తోంది. కుల్సుం ముంచి ఇచ్చింది. అంతోని సగం తాగాడు. మిగతా సగం పక్కకి జరిపాడు. “తాగు బావా” అన్నాడు.

లాజరు తాగాడు.

“ఇంకేమైనా చెప్పాలా అండీ?” అని పాస్టరు గారు మర్యాదగా అడిగాడు.

అంతోని అడ్డంగా తలూపాడు. వంపు తిరిగి వచ్చే పడవని గట్టు మీదినుంచి ఒక్క కేకతో ఆపే మనిషి. ఆ గొంతులో ఊపిరి ఎప్పుడు నిండుతుందో ఆయన చెల్లెలికి తెలుసు. నీళ్ళు తాగకముందే నిండింది. వద్దనాలంటే అనగలడు. అనలేదు, అంతే.

ఉంగరాలు మారాయి. మోదుగ దండలు మారాయి. కృపానందం “చేసుకుంటాను” అన్న మాట కొండకి తగిలి మళ్ళీ వినపడింది. కాగితం మీద శౌరమ్మ, కుల్సుం సంతకాలు చేశాక లాజరు కూడా కలం అడిగి, కింద కాస్త చోటు చూసుకుని తన పేరు రాశాడు. అది చూసి అంతోని ఆయన పక్కనే ఇంకా పెద్ద అక్షరాలతో రాశాడు. సంపూర్ణ వచ్చి తండ్రి గుండు మీద రెండు చేతులూ పెట్టి నవ్వుతూ ఏడ్చింది.

“నవ్వుతావేంటే, చల్లగా బానే ఉంది” అన్నాడాయన.

కుల్సుం కేరేజీలు విప్పుతుండగా అంతోని వచ్చి గోడ మీద చెల్లెలి పక్కన కూర్చున్నాడు. సంచి ముందుకు లాక్కున్నాడు. “మొక్కుబడి బియ్యమేవీ, చూద్దాం” అని మూతి విప్పాడు. నాలుగు చీరలు, కత్తెర, దుప్పటి, జపమాల, చిన్న చెంబు. బియ్యం లేవు. ఆయన కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

“ఇవెందుకు తెచ్చావు?”

“ఇంత చేశాక నువ్వు మళ్ళీ గడప తొక్కనిస్తావో లేదో అని.”

“ఎక్కడికి పోదామని?”

“అది ఆలోచించలా. పెళ్ళయ్యేదాకే ఆలోచించా.”

అంతోని కత్తెర సంచిలో పెట్టి, చీరలు సర్ది, మూతి ముడేశాడు. “నా జుట్టు గీయించావు. నా పిల్లని లేవదీసుకొచ్చావు. అవన్నీ సరే, పోనీ అనుకుంటా,” అన్నాడు. “ఇది మాత్రం తప్పు శౌరీ. నేను నిన్ను పొమ్మంటానని ఎట్టా అనుకున్నావు?”

చిన్నప్పటి తర్వాత ఆయన ఆమెని శౌరీ అనడం అదే. శౌరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పద, అన్నం చల్లారిపోద్ది” అంది.

అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మొదటి ముద్ద నోటి దాకా తీసుకుపోయిన లాజరు ఉన్నట్టుండి ఆగాడు.

“బావా, నువ్వు సెలవు పెట్టావు కదూ?”

“తిరునాళ్ళకి ఏటా పెడతాగా. డ్యూటీ నీదేగా.”

“నాదే” అన్నాడు లాజరు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత దూరాన, కంకిపాడు అవతల, కాలవ మీద పొద్దున్నుంచీ లాకులు తెరిచే నాథుడు లేడు. అటు గడ్డి పడవలు, ఇటు ఇసుక పడవలు, వాటిని నడిపే సరంగుల తిట్లు అందరి కళ్ళకీ కట్టాయి. అంతోని నవ్వడం మొదలుపెట్టాడు. లాజరు తిట్టబోయి తనూ నవ్వాడు. నవ్వుకుంటూనే నాలుగు ముద్దలు మింగి, అప్పుడే ఎక్కలేక కూలబడ్డ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తారు. కింద గుమ్మం దగ్గరినుంచి అంతోని కేక వినపడింది. “శౌరీ, నువ్వు నిదానంగా రేపు రా.”

కొత్త జంట గదికి వెళ్ళిపోయింది. శౌరమ్మ ఆ రాత్రి కుల్సుం అరుగు మీద రంగు వాసనలో పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. తెల్లారి లేచాక బస్సుకి ఇంకా వేళుందని కుల్సుం చెప్పింది.

“అయితే ఇంకోసారి ఎక్కుదామా?” అంది శౌరమ్మ. “నిన్న ఆ హడావుడిలో కృష్ణని సరిగ్గా చూడలా.”

కుల్సుం రెండు జొన్నరొట్టెలు గుడ్డలో మూటకట్టుకుంది. వెంట తరిమేవాళ్ళెవరూ లేరు కనక ఇద్దరూ అన్ని గుమ్మాల దగ్గరా కూర్చుని, కోతుల్ని తిట్టుకుంటూ, కబుర్లాడుకుంటూ ఎక్కారు.